సినిమా నచ్చింది, కానీ అప్పటి నుంచి తలుపు గడియ మీదే ధ్యాస

పేరు వద్దంటూ ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. వయసు 31. పెళ్లయి రెండేళ్లు. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు. భర్తది సాయంత్రం షిఫ్టు, ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆరు వారాల క్రితం భర్త, ఆయన స్నేహితులతో కలిసి ‘ది స్ట్రేంజర్స్’ అనే 2008 నాటి అమెరికన్ హారర్ సినిమా చూశారు. ఊరికి దూరంగా ఉన్న ఇంటికి రాత్రిపూట వచ్చిన ఒక జంటను ముసుగులు వేసుకున్న ముగ్గురు తెల్లవార్లూ వేధించి, చివరికి కత్తులతో పొడిచే కథ అది.

సగం దాకా ఊపిరి బిగబట్టి చూశానని, ఇంత బాగా భయపెట్టిన సినిమా ఇంకోటి లేదని రాశారు. ముగింపు మాత్రం ఒళ్లు మండించిందట. ఎందుకు చేశారో చెప్పకుండా వదిలేయడం చూసేవాళ్లను మోసం చేసినట్టు అనిపించిందన్నారు. అప్పటి నుంచి పడుకునే ముందు తలుపు గడియ పదేపదే చూసుకుంటున్నారు. హాలుకి వీపు పెట్టి సింక్ దగ్గర నిలబడలేక గిన్నెలన్నీ ఉదయానికి వదిలేస్తున్నారు. అంత భయపడుతూ కూడా, భర్త రాకముందు ఒంటరిగా కూర్చుని ఆ సినిమాలోని వంటగది సీన్ ఒక్కటే ఫోన్‌లో మళ్లీ మళ్లీ చూస్తున్నారు.

ఇది తెలిసిన భర్త ఒక రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, తాళం చెవి చేతిలో ఉండి కూడా తలుపు దబదబా బాది పలక్కుండా నిలబడ్డారు. ఈమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. కేక వేసి, ఆ తర్వాత చాలాసేపు ఏడ్చారు. ఆయన సారీ చెప్పారు కానీ, ‘నీకు ఇలాంటివి ఇష్టమేగా, రోజూ చూస్తున్నావుగా’ అని కూడా అన్నారు. ఇప్పుడు స్నేహితులంతా కలిసి 2018లో వచ్చిన రెండో భాగం చూద్దామంటున్నారు.

ఉత్తరం చివర, సంతకం తర్వాత, ఇంకో నాలుగు లైన్లు ఉన్నాయి. ఈమెకు పదేళ్లప్పుడు, నాన్న ఊళ్లో లేని ఒక రాత్రి, ఎవరో బయటి నుంచి వాళ్ల తలుపు చాలాసేపు ఊపారట. అమ్మ ఈమె నోటి మీద చెయ్యి గట్టిగా అదిమి పట్టుకుని చీకట్లో కూర్చోబెట్టింది. కొంతసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. పొద్దున ‘ఎవరికీ చెప్పకు’ అంది. ‘మా ఆయనకు కూడా ఇది ఎప్పుడూ చెప్పలేదు. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తెలియదు’ అని రాశారు.

అడిగినవి ఇవి: ఆ సినిమా నాకు నచ్చినట్టా, నచ్చనట్టా? భయపడుతూనే మళ్లీ చూడాలనిపించడం జబ్బా? రెండో భాగం చూడటానికి వెళ్లాలా, వద్దా?

జబ్బు కాదు. ముందు ఆ మాట చెప్పేసి మిగతావాటిలోకి వెళ్తాను. నచ్చిందా లేదా అని ఏదో ఒక పక్షం తేల్చుకోవాల్సిన పని కూడా లేదు. సినిమా తీసిన తీరు మీద ఇష్టం, ముగింపు మీద కోపం, ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పటి భయం, మీ ఆయన చేసిన పని. ఈ నాలుగూ మీ ఉత్తరంలో చిక్కుపడిపోయాయి. అన్నిటికీ కలిపి ఒకే జవాబు వెతుకుతున్నారు కాబట్టి ఏదీ తెగడం లేదు.

మీరు మళ్లీ మళ్లీ చూస్తున్న ఆ సీన్ సంగతే తీసుకుందాం. అతను సిగరెట్లు తేవడానికి బయటికి వెళ్లాడు. ఆమె ఒక్కతే ఉంది. కెమెరా పెద్దగా కదలదు. ముందు ఆమె, వెనక చీకటి. ఆ చీకట్లోంచి గోనెసంచి లాంటి ముసుగు తొడుక్కున్న మనిషి మెల్లగా కనిపించి, అక్కడే నిలబడిపోతాడు. మీదికి రాడు. ఢామ్మని మ్యూజిక్ పడదు. కాసేపటికి చూస్తే అక్కడ ఉండడు. ఆమెకు ఏమీ తెలియదు, మనకు తెలుసు. మామూలు హారర్ సినిమా అయితే అక్కడ మిమ్మల్ని ఒక్కసారిగా ఉలిక్కిపడేలా చేసి, ఆ కుదుపుతోనే టెన్షన్ దించేసేది. దర్శకుడు బ్రయాన్ బెర్టినో దించలేదు. కాపలా కాసే పని మనకు అప్పగించాడు. అక్కడి నుంచి ప్రతి కిటికీ, ప్రతి గుమ్మం, ఆమె వీపు వెనకున్న ప్రతి ఖాళీ మనమే వెతుకుతూ కూర్చుంటాం.

సింక్ దగ్గర నిలబడినప్పుడు మీరు చేస్తున్నదీ అదే. వెనక ఉన్న ఖాళీని వెతుకుతున్నారు. సినిమాలో మీరు మెచ్చుకున్న పనితనం, ఇప్పుడు మిమ్మల్ని వదలని భయం వేరు వేరు కాదు. ఆ పద్ధతి మీ మీద అంత బాగా పనిచేసింది కాబట్టే రెండూ మిగిలాయి. సినిమాను అంత శ్రద్ధగా చూడని మీ ఆయన స్నేహితులు హాయిగా నిద్రపోయి ఉంటారు.

ఇలా భయం మిగిలిపోవడం అరుదేమీ కాదు. అమెరికాలో క్రిస్టెన్ హారిసన్, జోఆన్ కాంటర్ అనే పరిశోధకులు యూనివర్సిటీ విద్యార్థులను అడిగి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, నూటికి దాదాపు 90 మంది ఏదో ఒక సినిమా లేదా టీవీ కార్యక్రమం తాలూకు భయం, అది అయిపోయాక కూడా తమను వెంటాడిందని చెప్పారు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ఆ భయం ఇంకా ఎంతో కొంత మిగిలే ఉంది. చాలామంది చెప్పింది చిన్నప్పుడు చూసిన వాటి గురించే. ఆరు వారాలకే మీరు మీ మీద ఇంత విసుక్కోనక్కర్లేదు.

భయంలో ఆనందం ఎక్కడుందో కూడా కొంత తెలుసు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ యూనివర్సిటీ పరిశోధకులు, మనుషులను భయపెట్టడానికే నడిపే ఒక వినోద కేంద్రంలోకి వచ్చినవాళ్ల గుండె వేగం కొలిచి, ఎంత భయపడ్డారో ఎంత ఆనందించారో అడిగి, 2020లో ఫలితాలు ప్రచురించారు. భయం మరీ తక్కువైనా ఆనందం తగ్గింది, మరీ ఎక్కువైనా తగ్గింది. మధ్యలో ఒక చోట మాత్రం బాగా పెరిగింది. మీ విషయంలో సినిమా మొదటి సగం ఆ మధ్యలో ఉంది, చివరి భాగం ఆ గీత దాటేసింది. ఒకే సినిమా మీద రెండు అభిప్రాయాలు ఉండటంలో వింత లేదు. అరగంట తేడాలో మీరు రెండు వేరు వేరు అనుభవాల్లోంచి వెళ్లారు.

ముగింపు మీద మీ కోపం విషయంలో నేను సగం మీ వైపు. ఎందుకు చేస్తున్నారని ఆమె అడిగితే, ‘మీరు ఇంట్లో ఉన్నారు కాబట్టి’ అన్నట్టు ఆ ముసుగువాళ్లు జవాబిస్తారు. అంతకు మించి కారణం లేదు. నాకు ఆ జవాబు సినిమాకు తగినదే అనిపిస్తుంది. పాత పగో, డబ్బో కారణంగా చూపించి ఉంటే, ‘మనకు అలాంటి పగలేవీ లేవు కదా’ అని టీవీ కట్టేసి లేచేవాళ్లం. కానీ ఆ తర్వాత వచ్చే చివరి క్షణం సంగతి వేరు. చనిపోయిందనుకున్న ఆమె దగ్గరికి ఒక అబ్బాయి చెయ్యి చాచగానే హఠాత్తుగా కేక. వంటగది సీన్‌లో ఏ చవకబారు కుదుపును దర్శకుడు వద్దనుకున్నాడో, దాన్నే చివర్లో వాడేశాడు. మీకు మోసంలా తోచింది బహుశా కారణం లేకపోవడం కాదు, అప్పటిదాకా పెంచిన టెన్షన్‌ని ఎక్కడా దించకుండా, ఒక్క అరుపుతో బయటికి పంపేయడం. ఇలాంటి కథల్లో చూసేవాళ్లకు కావాలనే ఊరట దక్కనివ్వని దర్శకులు ఉన్నారు. ఆస్ట్రియా దర్శకుడు మైఖేల్ హనెకే 1997లో తీసిన ‘ఫన్నీ గేమ్స్’లో, ఇంట్లో చొరబడినవాళ్లలో ఒకణ్ని బాధితురాలు కాల్చేస్తుంది. రెండోవాడు రిమోట్ తీసుకుని సినిమానే వెనక్కి తిప్పి ఆ కాల్పును లేకుండా చేసేస్తాడు. అలాంటిది చూసి మండిపడే హక్కు ప్రేక్షకులకు పూర్తిగా ఉంది. మీ కోపాన్ని కోపంగానే ఉంచుకోండి. సినిమా బాగుందని ఒప్పుకున్నంత మాత్రాన ముగింపును క్షమించాల్సిన పనిలేదు.

ఇక మూడోది, అసలు బరువున్నది.

సినిమా మొదట్లో కొన్ని అక్షరాలు పడతాయి, గుర్తుందా? నిజ ఘటనల ప్రేరణతో తీశామని, ఎఫ్‌బీఐ లెక్క ప్రకారం అమెరికాలో ఏటా 14 లక్షల హింసాత్మక నేరాలు జరుగుతాయని ఉంటుంది. తర్వాత ఆ జంట పేర్లు, ఆ రాత్రి తేదీ కూడా వేస్తారు. అంతా చదివితే పోలీసు రికార్డు తీసి చూపిస్తున్నట్టే ఉంటుంది. ఆ జంట, ఆ రాత్రి కల్పన. ఆ లెక్కలో దారి దోపిడీలు, కొట్లాటలు, అన్ని రకాల హింసా కలిసే ఉంటాయి. ముసుగు మనుషుల లెక్క కాదది. 1969లో లాస్ ఏంజెలిస్‌లో చార్లెస్ మాన్సన్ అనుచరులు చేసిన హత్యల గురించి చదవడం ఒక ప్రేరణ అని దర్శకుడు చెప్పాడు. రెండో ప్రేరణ అతని చిన్నతనంలోది. అమ్మానాన్నలు ఇంట్లో లేని ఒక రాత్రి ఎవరో తలుపు కొట్టారు. చెల్లెలు తీసింది. అక్కడ ఉండని ఎవరి గురించో అడిగి వాళ్లు వెళ్లిపోయారు. ఆ చుట్టుపక్కల తలుపులు కొడుతూ, ఎవరూ పలకని ఇళ్లలో దొంగతనాలు చేస్తున్న మనుషులు వాళ్లేనని తర్వాత తెలిసింది.

ఇది జాగ్రత్తగా చూడండి. నిజంగా జరిగినదాంట్లో, లోపల మనుషులు ఉన్నారు కాబట్టే ఆ ఇంటి జోలికి రాలేదు. సినిమాలో మనుషులు ఉన్నారు కాబట్టే చంపారు. జరిగినదాన్ని అతను తలకిందులు చేశాడు, భయం పుట్టేది అక్కడే. బయట చాలావరకు నడిచేది మొదటి పద్ధతే. దొంగల్లో ఎక్కువమంది ఖాళీ ఇల్లే వెతుక్కుంటారు, మనుషుల అలికిడి ఉంటే తప్పుకుంటారు. మీ పదేళ్ల వయసులో ఆ తలుపు ఊపినవాళ్లు ఎవరో, ఎందుకు వచ్చారో నేను చెప్పలేను. కానీ ఆ రాత్రికీ ఈ సినిమాకూ సంబంధం ఉందా అంటే, ఉందనే అనుకుంటున్నాను. ఒక పిల్లవాడి ఇంటి తలుపు మీద పడిన చప్పుడులోంచే ఈ సినిమా పుట్టింది. మీరూ అలాంటి చప్పుడే విన్నారు. అతను దాన్ని పెద్దయ్యాక ప్రపంచమంతా వినేలా చెప్పాడు. మిమ్మల్ని ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆ సీన్ దగ్గరికి మీరు పదేపదే వెళ్లడం, ఇన్నేళ్లూ ఎవరితోనూ మాట్లాడని ఒక విషయం చుట్టూ తిరగడమేమో ఆలోచించండి.

దీన్ని ఏం చేయాలన్నది మీ ఇష్టం. అమ్మను అడగవచ్చు. ఆ రాత్రి ఆమె కూడా బిక్కుబిక్కుమంటూనే కూర్చుని ఉంటుంది. మీ నోరు మూసిన ఆ చెయ్యి వణికిందేమో మీకే గుర్తుండాలి. అడిగితే మీకు తెలియని సగం కథ బయటపడవచ్చు. లేదా ‘అలాంటిదేమీ జరగలేదు, నువ్వేదో కలగన్నావు’ అని కొట్టిపారేయవచ్చు. ఆ మాట వినగలనని అనిపించినప్పుడే అడగండి. అది ఇప్పుడు వద్దనుకుంటే, ముందు మీ ఆయనకు చెప్పండి. అదీ కాదంటే కాగితం మీద మొత్తం రాసుకోండి. నాకు నాలుగు లైన్లలో రాసినదాన్ని నాలుగు పేజీల్లో. రాసింది ఎవరికీ చూపించకపోయినా ఫరవాలేదు.

గడియ సంగతికి వస్తే, ఎక్కువసార్లు చూసుకుంటే నమ్మకం పెరుగుతుందని మనకు అనిపిస్తుంది. జరిగేది వేరు. నెదర్లాండ్స్‌లో మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో, కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్ ఆపి ఉందో లేదో జనం చేత పదేపదే చెక్ చేయించారు. ఏ నాబ్ చూశారో వాళ్లకు సరిగ్గానే గుర్తుంది. కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం పోయింది. మీ గడియ విషయంలోనూ అదే నడుస్తోంది. మూడోసారి చూసినప్పుడు మొదటిసారి కంటే తక్కువ నమ్మకంతో మంచం ఎక్కుతున్నారు. ఒక్కసారే వేయండి. వేస్తున్నప్పుడు దాని మీద చెయ్యి ఉంచి, ‘వేశాను’ అని పైకి అనండి. ఆ తర్వాత లేవాలనిపిస్తే లేవకుండా కాసేపు ఆ ఇబ్బందిని భరించండి. మొదటి కొన్ని రాత్రులు ఇబ్బంది ఇంకా ఎక్కువగానే ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. తలుపుకి చూపు రంధ్రమో గొలుసో లేకపోతే పెట్టించుకోండి. అది పిరికితనం కాదు.

ఫోన్‌లో ఆ సీన్ చూడటం మానేయమని నేను ఆజ్ఞలు వేయను. కానీ ఇప్పుడు చూస్తున్న తీరు పుండు మీద పొక్కు గోకుతున్నట్టుంది. అర్ధరాత్రి, ఒంటరిగా, చీకట్లో, ఆ ఒక్క ముక్క చూసి వెంటనే లేచి గడియ చూసుకుంటున్నారు. భయం పెరగడమే తప్ప దిగే అవకాశం ఎక్కడా లేదు. మానేస్తే మానేయవచ్చు, కొద్ది రోజులు చెయ్యి ఫోన్ మీదికి వెళ్తుంది, అంతే. మానాలని లేకపోతే, సెలవు రోజు పగటిపూట, కిటికీలు తెరిచి, సినిమా మొత్తం ఆపుకుంటూ చూడండి. ఆ ముసుగు మనిషి ఏ షాట్‌లో వచ్చాడో, వెలుతురు ఎక్కడి నుంచి పడిందో, మ్యూజిక్ ఎక్కడ ఆగిందో గమనించండి. దీనివల్ల ఆ సీన్ బలం మీ మీద తగ్గుతుంది. దాంతోపాటు మొదటిసారి దొరికిన ఆ థ్రిల్ కూడా కొంత పోతుంది. అది పోయినా ఫరవాలేదా అన్నది మీరే చెప్పాలి.

ఈ ప్రయత్నాల తర్వాత కూడా రాత్రుళ్లు కంటి మీద కునుకు లేకపోతే, ఇంట్లో ఒంటరిగా ఉండకూడదని పనులు, ప్రయాణాలు మార్చుకోవడం మొదలైతే, సైకాలజిస్టును కలవండి. ఇలాంటి భయాలు వాళ్లు రోజూ చూసేవే.

ఇప్పుడు మీ ఆయన. ఆయన చెడ్డవారని నాకు అనిపించలేదు, సారీ చెప్పారని మీరే రాశారు. కానీ ‘నీకు ఇష్టమేగా’ అన్న మాటను నేను ఒప్పుకోను. ఆ సీన్ చూసేటప్పుడు ఫోన్ మీ చేతిలో ఉంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో మీ ఇష్టం. తలుపు బాదినప్పుడు మీ చేతిలో ఏమీ లేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం ఆయన పొరపాటు, ఆ పొరపాటుకు మీరు భయంతో మూల్యం చెల్లించారు. పైగా ఆ తలుపు చప్పుడు అంతకుముందు మీకు ఊరట. ఆయన ఇంటికి వచ్చేశారు, ఇక ఒంటరిగా లేను అనే గుర్తు. ఒక సరదా కోసం ఆయన దాన్ని పాడుచేశారు. మీరు అంతసేపు ఏడ్చింది, నాకు తెలిసి, అందుకు.

ఆయనతో రెండు రకాలుగా మాట్లాడవచ్చు. చిన్నప్పటి రాత్రి గురించి చెప్పకుండా, ‘ఇకపై కింద నుంచి ఫోన్ చేసి, నీ తాళంతో తీసుకుని లోపలికి రా. తలుపుతో మాత్రం ఎప్పుడూ ఆటలాడకు’ అని సూటిగా అడగవచ్చు. ఇది తేలిక, వెంటనే పనిచేస్తుంది. కానీ మీకెందుకు అంత పెద్ద విషయమైందో ఆయనకు ఎప్పటికీ పూర్తిగా తెలియదు, మనసులో అతి అనుకుంటూనే ఉండవచ్చు. రెండోది, అంతా చెప్పడం. పెళ్లయిన రెండేళ్లకు ఇదేంటని ఆయన నొచ్చుకోవచ్చు. మీ మాట మధ్యలోనే ధైర్యం చెప్పబోవచ్చు. అలాంటప్పుడు ‘నాకు సలహా వద్దు, విను చాలు’ అనండి. నేనైతే రెండో దారి వైపే మొగ్గుతాను. అయితే ఆయన షిఫ్టు నుంచి అలసిపోయి వచ్చిన రాత్రి మాత్రం మొదలుపెట్టకండి. ఒకవేళ అన్నీ విన్న తర్వాత కూడా మళ్లీ తలుపు కొట్టి నవ్వితే, అప్పుడు సమస్య సినిమాది కాదు, నాకు ఇంకో ఉత్తరం రాయండి.

రెండో భాగం విషయం. వెళితే, ఎప్పుడు లేచి వెళ్లిపోయినా ఎవరూ ఏమీ అనకూడదన్న ఒప్పందంతో వెళ్లండి. తలుపుకి దగ్గరగా, లైటు పూర్తిగా ఆర్పని గదిలో కూర్చోండి. వెళ్లకపోతే కొద్దిగా బాధపడతారు, ఎందుకంటే మీకు ఈ తరహా సినిమాలంటే నిజంగా ఇష్టం. 2024 నుంచి ఇదే పేరుతో కొత్త సినిమాలు కూడా వస్తున్నాయి కాబట్టి, ఇప్పుడు వదిలేస్తే ఇంకెప్పుడూ అవకాశం రాదన్న బెంగ అక్కర్లేదు.

మూడో దారి ఒకటి ఉంది, నాకు బాగా నచ్చేది. అదే సాయంత్రం అందరినీ వేరే సినిమాకు ఒప్పించండి. 1967లో వచ్చిన ‘వెయిట్ అంటిల్ డార్క్’లో ఆడ్రీ హెప్‌బర్న్ చూపు లేని స్త్రీ. నేరగాళ్లు ఆమె ఇంట్లోకి వస్తారు. ఆమె ఏం చేస్తుందంటే, ఇంట్లోని బల్బులన్నీ పగలగొడుతుంది. చీకటి అయిపోతే వాళ్లకూ కనిపించదు, ఆమెకు మాత్రం ఆ ఇల్లు చేతివేళ్లతో తెలుసు. భయం అంతే ఉంటుంది, కాకపోతే ఇల్లు ఆమె పక్షాన ఉంటుంది. అది చూశాక మీకు ఏమనిపించిందో, ఆ రాత్రి గడియ ఎన్నిసార్లు చూశారో గమనించుకోండి. అది హాయిగా గడిస్తే, రెండో భాగం గురించి అప్పుడు ఆలోచించవచ్చు.

వీటిలో ఏది ఎంచుకున్నా, స్నేహితులకు చెప్పే పని మీ ఆయనకు అప్పగించండి. ‘ఆమెకు భయం’ అని చెప్పనక్కర్లేదు. ‘ఈసారి ఇది చూద్దాం’ అంటే చాలు.